పదకొండున్నరకు మోగే ఫోను

ఈసారి ఉత్తరం రాయలసీమ నుంచి. రాసినావిడ పేరు, ఊరు బయటపెట్టొద్దని కోరారు. ఆనవాలు పట్టించే ఒకటి రెండు వివరాలు మార్చాను. ఉత్తరం పొడవైంది కాబట్టి సారాంశం మాత్రమే ఇస్తున్నాను.

ఆమెకు ముప్పై ఏడేళ్లు. మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలలో ఎస్‌జీటీ, అంటే చిన్న తరగతుల టీచరు. ఇద్దరు పిల్లలు పుట్టాక 2018 డీఎస్సీకి చదివి ఉద్యోగం తెచ్చుకున్నారు. భర్త ఎనిమిదేళ్లుగా కువైట్‌లో హౌస్ డ్రైవర్. ఇంట్లో అత్తగారు, తొమ్మిదో తరగతి కూతురు, నాలుగో తరగతి కొడుకు. రాత్రి ఇల్లు సద్దుమణిగేసరికి తొమ్మిదిన్నర. భర్త ఫోను చేసేది మన పదకొండున్నరకు, అంటే అక్కడ తొమ్మిదికి. అదీ ఖాయం కాదు. ఆయన పనిచేసే ఇంటివాళ్లు బయటికెళ్లి ఆలస్యంగా వస్తే పన్నెండున్నర అవుతుంది. కొన్ని రాత్రులు అసలు రాదు. ఎదురుచూసే ఆ రెండు గంటలూ ఆమె రీల్స్ చూస్తారు. మాట్లాడటం అయ్యాక నిద్ర పట్టక మళ్లీ చూస్తారు. ఒంటిగంట, ఒకటిన్నర అవుతుంది. పొద్దున అయిదింటికి లేవాలి. బడిలో మధ్యాహ్నం కళ్లు మూతలు పడుతున్నాయి, పిల్లల మీద ఊరికే కేకలేస్తున్నారు. "మునుపు నేనిట్లా లేను" అని రాశారు.

అయితే ఉత్తరం రాయించింది నిద్రలేమి కాదు. చదువుకునే వేళ ఫోను పట్టుకుందని కూతురి దగ్గర లాక్కుంటే ఆ పిల్ల, "నువ్వు చూడవా మా? నీ స్క్రీన్ టైమ్ చూపించు" అని తల్లి ఫోను తెరిచి, నాయనమ్మ ఎదురుగానే గట్టిగా చదివింది: అయిదు గంటల నలభై నిమిషాలు. అదే వారంలో భర్త, "పండుకుంటానని నాతో చెప్పి, ఒంటిగంటకాడ ఆన్‌లైన్లో ఎవురితో మాట్లాడతాండావు?" అని అడిగారు. రీల్స్ అని చెప్పడానికి సిగ్గేసి, బడి గ్రూపులో ఏదో పని అన్నారు ఈమె. ఆయన నమ్మినట్టు లేదు.

స్మార్ట్‌ఫోను తీసిపారేసి కీప్యాడ్ ఫోను కొనుక్కోనా? వాట్సాప్‌లో లాస్ట్ సీన్ కనపడకుండా పెట్టుకోనా? రేపు నా కూతుర్ని ఏ ముఖం పెట్టుకుని మందలించను? ఇవీ ఆమె ప్రశ్నలు.

అమ్మా, మీ ఉత్తరంలో "వ్యసనం" అన్న మాట చాలాసార్లు వచ్చింది. ముందు దాని సంగతి చూద్దాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల వర్గీకరణలో, 2022 నుంచి అమల్లో ఉన్న కూర్పులో, జూదం ఉంది, వీడియో గేముల వ్యసనం ఉంది. ఫోను చూడటం విడిగా ఒక జబ్బుగా లేదు. లేదు కాబట్టి మీకేమీ కాలేదని అనను. నాలుగు గంటల నిద్రతో తరగతి గదిలో నిలబడటం చిన్న విషయం కాదు. కానీ తనకు వ్యసనం ఉందని తీర్మానించుకున్న మనిషి వెంటనే ఒట్టు పెట్టుకుంటుంది, నాలుగో రోజు దాన్ని తప్పుతుంది, ఆ తప్పినందుకు తనను తాను తిట్టుకుంటూ ఇంకో గంట రీల్స్ చూస్తుంది. ఇన్‌స్టాగ్రామ్ తీసేయడం, మళ్లీ పెట్టుకోవడం ఎన్నిసార్లు జరిగిందో మీరు లెక్కతో సహా రాశారు. ఆ లెక్క ఇక ఆపేయండి.

మీ ఉత్తరం రెండోసారి చదివినప్పుడు నాకు కనపడింది వేరే. మీరు బడిలో రీల్స్ చూడరు. వంట చేస్తూ చూడరు. పుట్టింటికి వెళ్లిన ఆదివారం ఫోను ఏ గదిలో పెట్టారో కూడా గుర్తుండదని మీరే రాశారు. చూసేదంతా రాత్రి తొమ్మిదిన్నర తర్వాతే. మీరు మేలుకుని ఉండేది మీ ఆయన ఫోను కోసం. మేలుకుని ఉన్నారు కాబట్టి రీల్స్.

పైగా ఆ ఫోను ఎప్పుడొస్తుందో తెలియదు. ఇక్కడ మీరు చదివిన మనోవిజ్ఞానమే పనికొస్తుంది. మనస్తత్వవేత్త స్కిన్నర్ పావురాలు, కార్యసాధక నిబంధనం, పునర్బలనం, అంటే దొరికే ఫలితాన్ని బట్టి అలవాటు ఎలా గట్టిపడుతుందో చెప్పేది: డీఎస్సీలో అర మార్కు ప్రశ్నగా వచ్చే పాఠం. పొడిచిన ప్రతిసారీ గింజ పడితే పావురం కొంతసేపటికి ఊరుకుంటుంది. ఒకసారి మూడు పొడుపులకు, ఇంకోసారి ముప్పై పొడుపులకు, ఎప్పుడో తెలియకుండా పడితే మాత్రం పొడుస్తూనే ఉంటుంది. రీల్స్ నడిచేది సరిగ్గా ఈ సూత్రం మీదే. పది చప్పగా పోతాయి, పదకొండోది కడుపుబ్బ నవ్విస్తుంది. పేజీ అయిపోయింది, ఇక తర్వాతి పేజీ నొక్కాలి అనే ఆగే చోటు కూడా అందులో లేదు. కిందికి తోసేకొద్దీ వస్తూనే ఉండే ఆ అమరికను 2006లో రూపొందించిన అజా రాస్కిన్, అందుకు తర్వాత బహిరంగంగానే విచారపడ్డాడు.

మీ విషయంలో చిక్కేమిటంటే, మీ ఆయన ఫోను కూడా అచ్చం అలాగే వస్తోంది. పదకొండున్నరకు, పన్నెండున్నరకు, కొన్నాళ్లు రాకుండానే. ఎప్పుడొస్తుందో తెలియనివి రెండూ ఒకే చేతిలో, ఒకే వేళలో ఉన్నాయి. ఇందులో ఒక్కదాని మీదే యుద్ధం చేస్తే గెలవడం కష్టం.

"డీఎస్సీకి రోజుకు ఎనిమిది గంటలు కదలకుండా చదివిన మనిషినేనా నేను" అని అడిగారు. ఆ మనిషే. 2018లో మీ ఫోనులో రీల్స్ లేవు. టిక్‌టాక్ అప్పటికే ఉన్నా దాని జోలికి పోలేదన్నారు. 2020 జూన్ 29న కేంద్రం టిక్‌టాక్‌ను నిషేధించింది. జూలైలో ఇన్‌స్టాగ్రామ్ రీల్స్, సెప్టెంబరులో యూట్యూబ్ షార్ట్స్ మన దేశంలో మొదలయ్యాయి. అంతకుముందు వేరే యాప్ వేసుకుని చూడాల్సిన చిన్న వీడియోలు, అందరి ఫోన్లలో ఎప్పటి నుంచో ఉన్న యాప్‌లలోకే వచ్చి కూర్చున్నాయి. అవే రోజుల్లో కోవిడ్‌తో బడులు మూతపడి పాఠాలు కూడా ఫోనులోకి వెళ్లాయి. మీరు ఉద్యోగంలో చేరిందీ ఆ కాలంలోనే. ఇందులో మీ గుణం మారిందెక్కడ?

కూతురు చదివిన ఆ అయిదు గంటల నలభై నిమిషాల సంగతి కూడా తేల్చుకుందాం, ఎందుకంటే ఆ అంకె మిమ్మల్ని చాలా బాధపెట్టింది. సెట్టింగ్స్‌లో అదే చోట యాప్‌ల వారీగా విడివిడిగా ఉంటుంది, చూడండి. మీ ఆయనతో మాట్లాడిన వీడియో కాల్ అందులో వాట్సాప్ ఖాతాలో పడుతుంది. పొద్దున ముఖం చూపించి వేసే హాజరు, మధ్యాహ్న భోజనం వివరాలు, ఫొటోలు ఎక్కించడం, నెట్ లేక తిరిగి తిరిగి ఎక్కించడం, అన్నీ అందులోవే. అత్తగారికి యూట్యూబ్‌లో ప్రవచనం పెట్టిచ్చానని రాశారు, ఆ గంట కూడా మీ పేరు మీదే. అవన్నీ తీసేస్తే రెండు రెండున్నర గంటలు మిగలొచ్చు. మనం మాట్లాడుకోవాల్సింది వాటి గురించే.

ఇప్పుడు అసలు విషయం. ఆ ఫోను వేళ మార్చుకోవచ్చా?

హౌస్ డ్రైవర్ పనిలో బండి తోలే సమయం కన్నా బండిలో కూర్చుని ఎదురుచూసే సమయం ఎక్కువ. పిల్లల బడి ముందు, మాల్ ముందు, బంధువుల ఇళ్ల ముందు. కువైట్‌కు మనకు తేడా రెండున్నర గంటలు. అక్కడ మధ్యాహ్నం ఒకటిన్నర, రెండు, అంటే బడులు వదిలే వేళ, మనకు సాయంత్రం నాలుగు, నాలుగున్నర. సరిగ్గా మీరు బడి నుంచి ఇల్లు చేరే సమయం. ఆయన కారులో ఖాళీగా ఉండి, మీరు టీ పెట్టుకుని కూర్చునే అరగంట ఒకటి అక్కడ ఉండొచ్చు. ఉందో లేదో ఆయన్ని అడగండి. ఉంటే రోజువారీ ఫోను అప్పటికి మార్చి చూడండి. పిల్లాడు నాన్నతో మాట్లాడకుండానే నిద్రపోతున్నాడని బాధపడ్డారు కదా, వాడికీ దొరుకుతారు.

దీనివల్ల పోయేదీ ఉంది. నాలుగింటి ఫోనులో చుట్టూ అత్తగారు, పిల్లలు, చీటీ డబ్బుకు వచ్చిన పక్కింటామె. భార్యాభర్తలు మాట్లాడుకోవాల్సినవి అందులో కుదరవు. కాబట్టి రాత్రి ఫోను మొత్తం మానేయమని అనను. వారంలో ఒకటి రెండు రాత్రులు, ఏ రాత్రులో ముందే అనుకుని పెట్టుకోండి. గురువారం వద్దు. శుక్రవారం అక్కడ సెలవు కాబట్టి ఇంటివాళ్లు గురువారం రాత్రి పొద్దుపోయేదాకా తిరుగుతారు. శనివారం రాత్రి బాగుంటుంది. ఆదివారం వాళ్లకు బడులు, ఆఫీసులు ఉంటాయి, త్వరగా ఇల్లు చేరతారు. మీకేమో ఆదివారం సెలవు. మిగిలిన రాత్రులు ఆయన పడుకునే ముందు వాయిస్ మెసేజ్ పెడతారు, మీరు పొద్దున కాఫీ తాగుతూ వింటారు. మొదట్లో ఇద్దరికీ వెలితిగానే ఉంటుంది, ఆయనకు ఇంకా ఎక్కువగా. మీ పక్కన పిల్లలున్నారు, ఆయన గదిలో ఆయనొక్కరే. అందుకే ఇది మీరొక్కరే నిర్ణయించి చెప్పే విషయం కాదు.

ఆయన ఒప్పుకోకపోతే, లేదా పగలు అసలు తీరికే దొరకదంటే, ఇంకో దారి ఉంది. పదింటికి పడుకోండి. ఫోను హాల్లో, పెద్ద శబ్దంతో, ఛార్జింగ్‌లో పెట్టండి. మోగితే లేచి వెళ్లి మాట్లాడండి, అక్కడే పెట్టేసి వచ్చి పడుకోండి. నిద్ర మధ్యలో తెగుతుంది, అది నిజమే. లేచాక మళ్లీ నిద్ర పట్టని మనిషైతే ఈ పద్ధతి పనికిరాదు. కానీ ఇప్పుడు మీకున్నది ఒకటిన్నర నుంచి అయిదు దాకా నిద్ర. పది నుంచి పదకొండున్నర, మళ్లీ పన్నెండుంబావు నుంచి అయిదు అంటే దానికన్నా చాలా మెరుగు. ముఖ్యంగా ఫోను వచ్చేదాకా మీరు నిద్రలో ఉంటారు కాబట్టి ఆ రెండు గంటల ఎదురుచూపు ఉండదు.

ఇందుకు ఒక సాంకేతిక మెలిక ఉంది. రాత్రిపూట "డు నాట్ డిస్టర్బ్" పెట్టి భర్త నంబరుకు మినహాయింపు ఇచ్చినా, అది మామూలు ఫోను కాల్స్‌కు వర్తిస్తుంది. వాట్సాప్ కాల్ మోగాలంటే వాట్సాప్ యాప్‌కే విడిగా మినహాయింపు ఇవ్వాలి. అప్పుడు గ్రూపుల మెసేజీలు కూడా మోగుతాయి కాబట్టి వాటిని ముందే మ్యూట్ చేయాలి. కూతురికి చెప్పండి, అయిదు నిమిషాల్లో చేసిపెడుతుంది. ఆమె సహాయం అడగడం వల్ల వచ్చే ఇంకో లాభం తర్వాత చెప్తాను.

లాస్ట్ సీన్ దాచడం నిమిషం పని. దాస్తే ఆయనది మీకూ కనపడదు, అది అటుంచండి. "ఎవురితో మాట్లాడతాండావు" అని మొన్న అడిగిన మనిషికి ఇవాళ లాస్ట్ సీన్ మాయమైతే ఏమనిపిస్తుందో మీకు నేను చెప్పక్కర్లేదు. దాచుకోవడం మీ హక్కే. ఎనిమిదిన్నరకు ఆన్‌లైన్‌లో ఉన్నావు కదా అని హెడ్‌మాస్టరు అడగకుండా ఉండటానికి కూడా చాలామంది దాచుకుంటారు. కానీ ఆ పని నిజం చెప్పిన తర్వాత చేయండి.

చెప్పాల్సింది కూడా పెద్దగా లేదు. "మీ ఫోను కోసం చూస్తా చూస్తా రీల్స్‌కు అలవాటు పడినా. మీరు పెట్టేసినాక నిద్ర పట్టక మళ్లా చూస్తాండా. చెప్పడానికి సిగ్గేసి గ్రూపులో పని అన్నా." ఇంతే. క్షమాపణలు, ఒట్లు కలపకండి. ఒట్టు వేస్తే రేపటి నుంచి ఆయన దాన్ని లెక్కపెట్టడం మొదలుపెడతారు. ఇక్కడ ఒక విషయం చెప్పాలి, మీరు అనుకున్నంత అబద్ధం కూడా మీరు ఆడలేదు. ఇన్‌స్టాగ్రామ్ చూస్తున్నంతసేపు వాట్సాప్‌లో ఆన్‌లైన్ అని పడదు. అంటే ఒంటిగంటకు కూడా మధ్యమధ్యలో గ్రూపులు తెరిచి చూస్తున్నారన్నమాట.

ఆయన నవ్వొచ్చు, కాసేపు సణగొచ్చు. తానూ అదే చేస్తున్నానని ఒప్పుకోవచ్చు కూడా. గంటల తరబడి కారులో కూర్చునే మనిషి చేతిలోనూ ఉండేది ఫోనే కదా. అలా కాకుండా స్క్రీన్‌షాట్ పంపు, పాస్‌వర్డ్ చెప్పు, అమ్మనడిగి తెలుసుకుంటా అనే దాకా పోతే అది రీల్స్ మానేస్తే తీరే గొడవ కాదు. రోజూ రుజువులు పంపే అలవాటు చేసుకోకండి. పంపేకొద్దీ ఇంకా అడుగుతారు. ఆయన మాట వినే మనిషి, మీ ఇద్దరి మంచీ కోరే మనిషి ఇంట్లో ఎవరున్నారో చూసుకుని, వచ్చే సెలవులో ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకోవాలి. అలాంటివి వీడియో కాల్‌లో మాట్లాడుకుంటే సగంలో నెట్ పోతుంది, మిగతా సగం అపార్థమవుతుంది.

కీప్యాడ్ ఫోను విషయంలో మీ ఆవేశం అర్థమైంది గానీ, మీ ఉద్యోగంలో అది పూర్తిగా కుదరదు. పొద్దున హాజరే పడదు. డబ్బు పంపడం వరకైతే పర్వాలేదు, మామూలు ఫోన్లలోనూ పనిచేసే యూపీఐ పద్ధతిని రిజర్వ్ బ్యాంకు 2022లోనే తెచ్చింది. కానీ కువైట్ నుంచి వీడియో కాల్ దానికి రాదు, మామూలు అంతర్జాతీయ కాల్ ఖరీదు. రెండు ఫోన్లు పెట్టుకోవచ్చు: సాయంత్రం ఏడు దాటాక స్మార్ట్‌ఫోను బీరువా మీద, చేతిలో చిన్న ఫోను, బంధువులకు ఆ నంబరు. కొంతమందికి ఇది చక్కగా కుదురుతుంది. కొంతమంది వారం తిరక్కుండా రెండు ఫోన్లూ పక్కలో పెట్టుకుని పడుకుంటారు. కొనేముందు అదే పని డబ్బు ఖర్చు లేకుండా చేసి చూడండి. ఫోను మీ మంచం దగ్గరికి రాకూడదు. అలారానికి గడియారం కొనండి. ఫోనులో అలారం పెట్టుకోవాలి కదా అన్నదే చాలా ఇళ్లలో దాన్ని తలకింద పెట్టుకోవడానికి సాకు.

ఇన్‌స్టాగ్రామ్ తీసేయాలా? తీసేస్తే డైట్‌లో, అంటే టీచర్ ట్రైనింగ్‌లో, మీతో చదివిన స్నేహితురాళ్ల ఫొటోలు పోతాయి, అది మీకు ఇష్టమన్నారు. యాప్ మాత్రం తీసేసి, ఆదివారం బ్రౌజర్‌లో లాగిన్ అయి చూసుకోవచ్చు. కాస్త నత్తనడకగా ఉంటుంది, ఆ నత్తనడకే కావాలి మనకు. యూట్యూబ్ అత్తగారికి అవసరం కాబట్టి ఉంచండి. అందులో వాచ్ హిస్టరీ ఆపేసి పాతది చెరిపేస్తే తెరవగానే వీడియోల వరస రాదు, కావాల్సింది వెతుక్కోవాలి. అత్తగారు ప్రవచనకర్త పేరు మైకులో చెప్పి వెతుక్కోవడం రెండు రోజుల్లో నేర్చుకుంటారు. ఈ తరం అత్తగార్లను తక్కువ అంచనా వేయకూడదు.

గ్రూపుల గురించి మీరు రెండు వాక్యాలే రాశారు, కానీ ఒంటిగంటకు కూడా తెరిచి చూసేంత భయం వాటి వెనక ఉంది. మండలం గ్రూపు, చుట్టుపక్కల బడులన్నీ కలిసిన కాంప్లెక్స్ గ్రూపు, యూనియన్ గ్రూపు, డీఎస్సీ బ్యాచ్ గ్రూపు, తల్లిదండ్రుల గ్రూపు. ఒక ఉత్తర్వు, దాని కింద నలభై "నోటెడ్ సర్"లు. రాత్రి తొమ్మిదిన్నరకు "రేపు ఉదయం పదిలోపు వివరాలు పంపవలెను" అని వస్తుంది, చూడకపోతే మర్నాడు మాట పడాలి. పని వేళలు దాటాక స్పందించక్కర్లేదనే హక్కు ఫ్రాన్సులో 2017 నుంచి చట్టంలో ఉంది, ఆస్ట్రేలియాలో 2024 ఆగస్టు నుంచి. మన లోక్‌సభలో ఎంపీ సుప్రియా సూలే 2018లో ఇలాంటి బిల్లే పెట్టారు గానీ, అది ప్రైవేటు సభ్యుల బిల్లుగానే మిగిలిపోయింది, చట్టం కాలేదు. కాబట్టి చట్టం చూపించి మీరు తప్పించుకోలేరు. అధికారుల గ్రూపు ఒక్కటి ఉంచి మిగిలినవన్నీ శాశ్వతంగా మ్యూట్ చేసి ఆర్కైవ్‌లోకి తోసేయండి. ఆ ఒక్కటీ కూడా రాత్రి మోగకుండా పెట్టాలంటే మీ తోటి టీచరుతో వంతు వేసుకోండి. మీది ఇద్దరు టీచర్ల బడి కదా. ఒక వారం తొమ్మిదింటికి ఆమె చూస్తుంది, అత్యవసరమైతే మీకు మామూలు ఫోను చేస్తుంది, తర్వాతి వారం మీరు. ఎప్పుడో ఒకసారి ఏదో ఒకటి తప్పిపోతుంది, మాట పడాల్సి వస్తుంది. ఏడాదికి ఒకటి రెండు మాటలు పడటమా, రోజూ రాత్రి ఒంటిగంటకు తెరిచి చూడటమా అన్నది మీరే తూచుకోండి. కాంప్లెక్స్ సమావేశంలో ఎవరో ఒకరు ఈ మాట ఎత్తితే మిగిలినవాళ్లు కూడా కలుస్తారని నాకనిపిస్తుంది. ఆ ఎవరో ఒకరు మీరే కావాలని లేదు.

ఇవన్నీ ఒకేసారి మొదలుపెట్టకండి. ముందు ఫోను వేళ, తర్వాత ఫోను పడుకునే చోటు. మిగిలినవి వాటంతట అవే తేలికవుతాయి. ఒకవేళ మూడు నాలుగు వారాలు ఫోను గదిలో లేకపోయినా నిద్ర పట్టకపోతే, ఏడుపు వస్తుంటే, ఏదీ చేయాలనిపించకపోతే, అప్పుడు కారణం ఫోను కాదని అర్థం. ఎనిమిదేళ్లు ఒంటిచేత్తో ఇల్లు నడిపిన మనిషికి అలా అనిపించడంలో వింత లేదు. మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు 14416కు ఎప్పుడైనా ఫోను చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు ఖర్చు లేదు. బెంగళూరులోని మానసిక వైద్యశాల నిమ్హాన్స్‌లో ఫోను, ఇంటర్నెట్ వాడకం అదుపు తప్పినవాళ్ల కోసం 2014 నుంచి ప్రత్యేక క్లినిక్కే నడుస్తోంది. మీకు ఇప్పుడు అంత అవసరం ఉందని నేననుకోవడం లేదు. ఉందని తెలిస్తే చాలు.

ఇక మీ కూతురు. ఆ పిల్ల మిమ్మల్ని అవమానించిందని రాశారు. నాయనమ్మ ముందు అంకె చదవడం తప్పే, అది చెప్పండి. కానీ ఆ పిల్ల అడిగిన ప్రశ్న న్యాయమైనదే. పిల్లలకొక నియమం, పెద్దలకొక నియమం ఉంటే పద్నాలుగేళ్ల పిల్ల ఒప్పుకోదు. మహారాష్ట్ర సాంగ్లీ జిల్లాలో మోహిత్యాంచే వడగావ్ అని ఒక ఊరుంది. 2022 ఆగస్టు 15 నుంచి అక్కడ రోజూ సాయంత్రం ఏడింటికి గుడి నుంచి సైరన్ మోగుతుంది. ఎనిమిదిన్నరకు మళ్లీ మోగేదాకా ఇళ్లలో టీవీలు, ఫోన్లు కట్టేస్తారు. కోవిడ్ తర్వాత పిల్లల చదువు పాడైందని మొదలుపెట్టారు. నాకు నచ్చింది ఏమిటంటే, అక్కడ పిల్లలతోపాటు తల్లిదండ్రులూ కట్టేస్తారు. మీ ఇంట్లో అలాంటి గంటన్నర పెడితే మొదట అడ్డొచ్చేది పిల్ల కాదు, సీరియళ్ల వేళకు అత్తగారు. ఆవిడతో బేరం ఆడుకోవాలి. హాల్లో టీవీ, లోపలి గదిలో చదువు, ఫోన్లు మాత్రం అందరివీ బీరువా మీద అన్నా సరిపోతుంది.

ఫోను కట్టేసి పక్కనే పెట్టుకుంటే చాలదా అని పిల్ల అడుగుతుంది. టెక్సస్ విశ్వవిద్యాలయం వాళ్లు 2017లో ప్రచురించిన ప్రయోగాల్లో, ఫోను వేరే గదిలో పెట్టినవాళ్లు బల్ల మీద పెట్టుకున్నవాళ్ల కన్నా జ్ఞాపకశక్తి, ఆలోచన పరీక్షలు బాగా చేశారు. తర్వాత కొందరు అదే ప్రయోగం చేస్తే అంత తేడా రాలేదు కూడా. కాబట్టి సైన్సు చెప్పిందని బెదిరించకండి, నెట్‌లో చూసి మీకే తిప్పికొడుతుంది. రెండు వారాలు అలా, రెండు వారాలు ఇలా చేసి, ఏ పద్ధతిలో లెక్కలు ఎక్కువ అయ్యాయో తననే రాసుకోమనండి.

గ్రూపులు మ్యూట్ చేయడం, వాట్సాప్‌కు మినహాయింపు ఇవ్వడం తనతో చేయించుకోమన్నది ఇందుకే. మీకు సమస్య ఉందని, దాన్ని సరిచేసుకుంటున్నారని తనకు తెలియాలి. తల్లి ఫోను సరిచేసిపెట్టిన పిల్లతో తన ఫోను గురించి మాట్లాడటం తేలిక. ప్రతి ఆదివారం ఇద్దరూ స్క్రీన్ టైమ్ తెరిచి ఒకరిది ఒకరు చూడండి. యాప్‌ల వారీగా, తిట్లు లేకుండా, అత్తగారు లేనప్పుడు. ఒక వారం మీ అంకె తనకన్నా ఎక్కువ ఉంటుంది. ఉండనివ్వండి, దాచకండి.